కోట్ల కోట్ల గ్రహాలు... ఒక్క పొరుగిల్లు!

అడిగినవాళ్లందరికీ తలా వెయ్యి గ్రహాలు రాసిచ్చినా తరగని విశ్వం అది. నేలకు కరవు లేదు, గనులకు లెక్క లేదు. అయినా అక్కడ తుపానుకు ఎదురెళ్లి స్ఫటికాలు ఏరేవాళ్లున్నారు. రాత్రింబవళ్లు గ్యాసు తోడే యంత్రాలు బిగించేవాళ్లున్నారు. ఆరు రకాల పంటలు పండించి కోట్లు గడించేవాళ్లున్నారు. అన్నీ అపారంగా దొరికేచోట అరుదైనదంటూ ఏం మిగులుతుంది? 'నో మ్యాన్స్ స్కై' అనే వీడియోగేమ్ ఆడేవాళ్లు ఆ ప్రశ్నకు చెప్పిన జవాబు, దాన్ని తయారుచేసినవాళ్లు ఊహించినట్టు లేదు.

కళ్లు తెరిచేసరికి ఊరూ పేరూ తెలియని గ్రహం మీద ఉంటారు. మీ ఓడ ఎక్కడో దూరంగా చెడిపోయి పడి ఉంటుంది. బయట నిప్పులు చెరిగే ఎండో, విషపుగాలో, రేడియేషనో... ఏది రాసిపెట్టి ఉంటే అది. ఒంటిమీది సూటులో రక్షణ శక్తి చూస్తుండగానే తరిగిపోతుంటుంది. పసుపురంగులో మెరిసే మొక్కను తెంపితే సోడియం, ఎర్రటి మొక్కలో ఆక్సిజన్, చేతిలోని లేజర్‌తో బండను కరిగిస్తే మరమ్మతులకు కావాల్సిన ఫెరైట్ పొడి. వాటితో ప్రాణం నిలబెట్టుకుని, ఓడ బాగుచేసుకుని గాల్లోకి లేస్తారు. మబ్బులు కిందికి జారిపోతాయి. ఆకాశం నల్లబడుతుంది. మధ్యలో ఎక్కడా తెర మారదు, 'లోడింగ్' అంటూ ఆగదు. ఎదురుగా మరో గ్రహం, దాని వెనక ఇంకొకటి...

ఆ 'ఇంకొకటి'కి అంతు లేకపోవడమే ఈ గేమ్ గొప్ప. చిక్కు వచ్చిపడింది కూడా అక్కడే.

చదరంగం గళ్లలో విశ్వం

చదరంగం కనిపెట్టినవాడిని ఏం కావాలో కోరుకోమన్నాడట రాజు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్లూ నిండేదాకా రెట్టింపు చేస్తూ పొమ్మన్నాడు అతను. రాజ్యంలోని గాదెలన్నీ ఊడ్చినా ఆ లెక్క తీరదని రాజుకు తర్వాతగానీ తెలియలేదు. ఆ మొత్తం గింజలకు ఇంకొక్కటి కలిపితే వచ్చేదే నో మ్యాన్స్ స్కైలో గ్రహాల సంఖ్య: 1,84,46,74,40,73,70,95,51,616. నోటితో చెప్పాలంటే, లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైమాట. ఒక్కో గ్రహాన్నీ ఒక్క సెకను చూసి వచ్చేసినా మొత్తం చూడ్డానికి 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. మనం బతుకుతున్న అసలు విశ్వం వయసే దాదాపు 1,380 కోట్ల ఏళ్లు!

ఇన్ని గ్రహాలను కూర్చుని ఎవరూ గీయలేదు. 64 బిట్లలో కంప్యూటర్ రాయగలిగే వేర్వేరు సంఖ్యలు సరిగ్గా అన్నే. ఒక్కో సంఖ్య ఒక్కో గ్రహానికి విత్తనం. ఆ సంఖ్యను సూత్రాల్లోకి పంపితే కొండల ఎత్తు, నీటి రంగు, గాలిలో విషం, జంతువుకు ఎన్ని కాళ్లు అన్నవన్నీ తేలతాయి. మీరు దగ్గరకొస్తున్నప్పుడు గ్రహం లెక్కల్లోంచి పుట్టుకొస్తుంది, వెళ్లిపోగానే చెరిగిపోతుంది. మళ్లీ వస్తే అదే విత్తనంలోంచి అదే కొండ, అదే లోయ మొలుస్తాయి. ఆటగాళ్లు పెట్టిన పేర్లు, కట్టుకున్న ఇళ్లు లాంటివి మాత్రమే విడిగా భద్రపరిస్తే చాలు.

ఈ కిటుకు పాతదే. 1984లో బ్రిటన్‌లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ చేసిన 'ఎలైట్' గేమ్, ఈ రోజుల్లో ఒక్క ఫొటో కూడా పట్టని మెమరీలో ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్రమండలాలు ఇరికించింది. కొండలకూ మబ్బులకూ సహజమైన ఎగుడుదిగుళ్లు తెచ్చే గణితాన్ని 1980ల్లో కెన్ పెర్లిన్ రూపొందిస్తే, సినిమా గ్రాఫిక్స్‌కు అది చేసిన మేలుకు ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. ఆ దారిలో మరింత దూరం వెళ్లింది ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ పట్టణానికి చెందిన 'హలో గేమ్స్'. నలుగురు మిత్రులు మొదలుపెట్టిన సంస్థ అది. వారిలో ఒకరైన షాన్ మర్రే చిన్నతనంలో కొంతకాలం ఆస్ట్రేలియాలో మనుషులు అరుదుగా కనిపించే పశువుల క్షేత్రంలో గడిపారు. 2013 డిసెంబరులో గేమ్ తొలి ట్రైలర్ చూపించారు. అదే నెలలో, క్రిస్మస్ ముందురోజు, వాళ్ల ఆఫీసు వరదలో మునిగింది. 'స్కై' అన్న మాట మీద టీవీ సంస్థ స్కైతో నడిచిన పేచీ 2016లోగానీ తేలలేదు.

కరవును కనిపెట్టారు

గ్రహాలు లెక్కలేనన్ని అయినప్పుడు వాటిలోని ఖనిజాలూ లెక్కలేనన్నే. అలాంటప్పుడు బంగారానికి విలువేంటి? విలువ లేకపోతే తవ్వడమెందుకు, తవ్వకపోతే ఆడటమెందుకు? అందుకే గేమ్ తయారీదారులు కరవును చేత్తో తయారుచేయాల్సి వచ్చింది. ఆ పనితనాన్ని గమనిస్తే మన మార్కెట్లు ఎలా నడుస్తాయో కూడా కొంత అర్థమవుతుంది.

మొదటి ఉపాయం దూరం. పసుపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్లో రాగి దొరుకుతుంది. ఎర్ర నక్షత్రాల దగ్గర కాడ్మియం, ఆకుపచ్చవాటి దగ్గర ఎమెరిల్, నీలి నక్షత్రాల దగ్గర ఇండియం. ఎర్ర నక్షత్రాన్ని చేరాలంటే ఓడకు ఒక ప్రత్యేక డ్రైవ్ బిగించాలి, ఆకుపచ్చదానికి ఇంకొకటి, నీలిదానికి మరొకటి. 2025 జనవరిలో వచ్చిన 'వరల్డ్స్ పార్ట్ 2' అప్‌డేట్ ఊదా నక్షత్రాలను చేర్చింది. వాటికీ వేరే డ్రైవ్ కావాలి. నీలి నక్షత్రాలు కోకొల్లలు. అక్కడికి వెళ్లగలిగే ఓడే తక్కువ.

రెండో ఉపాయం ప్రమాదం. భీకర తుపానులు విరుచుకుపడే గ్రహాల్లో తుపాను స్ఫటికాలుంటాయి. వాతావరణం నెమ్మదించినప్పుడు వెళ్తే ఉత్త చేతులే. ఆకాశం ఉగ్రరూపం దాల్చినప్పుడే అవి విచ్చుకుని మెరుస్తాయి. సూటు రక్షణ సెకన్లలో అయిపోతుంటే, సోడియం నింపుకుంటూ ఒక్కో స్ఫటికం దగ్గరకీ పరుగెత్తాలి. గ్రావిటినో బంతులు నేలమీదే దొరుకుతాయి గానీ, ముట్టుకున్న మరుక్షణం సెంటినెల్స్ అనే కాపలా యంత్రాలు కాల్పులు మొదలుపెడతాయి. పాడుబడిన కట్టడాల చుట్టూ గుసగుసలాడే గుడ్లుంటాయి. పగలగొడితే లోపల ఖరీదైన 'లార్వల్ కోర్', దాంతోపాటే నేలను చీల్చుకుని మీదికొచ్చే భయంకర జీవులు. అనుభవజ్ఞులు జెట్‌ప్యాక్‌తో ఏ గోడమీదికో ఎగిరి, అవి సద్దుమణిగాక దిగుతారు.

మూడోది నిరీక్షణ. నేల కింద ఖనిజం, గ్యాసు ఎక్కడ దండిగా ఉన్నాయో సర్వే పరికరంతో వెతకాలి. దొరికిన చోటుకు సి, బి, ఎ, ఎస్ అని గ్రేడ్లుంటాయి. ఎస్ గ్రేడ్ దొరికితే పండగే. దగ్గర్లోనే విద్యుదయస్కాంత శక్తి ఉన్న చోటు కూడా తగిలితే చెప్పక్కర్లేదు. యంత్రాలు, పైపులు, నిల్వ ట్యాంకులు, కరెంటు తీగలు వేసి వదిలేస్తే మీరు మరో గెలాక్సీలో ఉన్నా తోడుతూనే ఉంటాయి. నీలి నక్షత్రాల చుట్టూ తిరిగే తుపాను గ్రహాల్లో ఇండియం 'యాక్టివేటెడ్' రూపంలో, మరింత ధరకు దొరుకుతుంది. ఆ ఒక్కదాని కోసమే గనుల సామ్రాజ్యాలు కట్టినవాళ్లున్నారు.

అంతరిక్షంలో ఆరు పంటలు

2016 నవంబరులో వచ్చిన 'ఫౌండేషన్' అప్‌డేట్ ఇళ్లు కట్టుకోవడంతోపాటు సేద్యాన్నీ తెచ్చింది. చలి గ్రహాల్లో ఫ్రాస్ట్‌వార్ట్, వేడి గ్రహాల్లో సోలార్ వైన్, రేడియేషన్ నేలల్లో గామా వీడ్, విషపు నేలల్లో శిలీంధ్రం, బీడు గ్రహాల్లో ముళ్ల కాక్టస్, పచ్చటి గ్రహాల్లో స్టార్ బ్రాంబుల్... ఏ నేలకు ఆ పైరు. మరోచోట పండించాలంటే గాజు గోపురం కట్టాలి. ఒక్కో గోపురంలో 16 మొక్కలు పడతాయి. కోతకు కావాల్సిన గంటలు మన గడియారం ప్రకారమే నడుస్తాయి కాబట్టి గేమ్ కట్టేసి నిద్రపోయినా పంట ఎదుగుతూనే ఉంటుంది.

పంటను పంటగా అమ్మితే గిట్టేది కొంతే. సొమ్మంతా దాన్ని సరుకుగా మార్చడంలో ఉంది. గేమ్‌లో అత్యంత ఖరీదైన వస్తువుల్లో ఒకటైన 'స్టాసిస్ డివైజ్' సంగతి చూడండి. ఫ్రాస్ట్‌వార్ట్ నుంచి వచ్చే మంచు స్ఫటికాలను సోలార్ వైన్ సారంతో కలిపితే హీట్ కెపాసిటర్. కాక్టస్ గుజ్జును స్టార్ బ్రాంబుల్ దుంపతో కలిపితే పాలీ ఫైబర్. ఈ రెండూ కలిస్తే సర్క్యూట్ బోర్డు. ఇంకోవైపు, గామా వేరుకు ఫీకియం అనే పదార్థం చేర్చి కందెన చేయాలి. దానికి మంచు స్ఫటికాలతో చేసిన గాజు జతపడితే 'లివింగ్ గ్లాస్'. ఆ ఆరు పంటల్లో ఐదు అప్పటికే అయ్యాయి. ఇక వేడి గ్రహం నుంచి సల్ఫ్యూరిన్, రేడియేషన్ గ్రహం నుంచి రేడాన్, విషపు గ్రహం నుంచి నైట్రోజన్ తోడి తేవాలి. వాటిని కార్బన్‌తో కలిపి మరో నాలుగైదు మెట్లెక్కాలి. పచ్చటి, వేడి, చలి గ్రహాల మట్టిలోంచి మూడు ఖనిజాలు తీసి, కోబాల్ట్‌తో మిశ్రమలోహాలు పోయాలి. అన్నీ ఒక్కచోట చేరితే... ఒక్క డివైజ్! ధర కోటీ 56 లక్షల యూనిట్లు.

తలా ఓ వాతావరణం ఉన్న గ్రహాలను కలిపి కుట్టిన ఈ గొలుసులో ఏ ముడిసరుకూ నిజానికి అరుదు కాదు. వాటన్నిటినీ ఒకే కప్పు కిందికి చేర్చే ఓపికకే ఆ ధర పలుకుతోంది.

మార్కెట్‌కూ లెక్కలున్నాయి. తెచ్చిన సరుకంతా ఒకే నక్షత్రమండలంలో గుమ్మరిస్తే అక్కడ ధర పడిపోతుంది, కోలుకోవడానికి సమయం పడుతుంది. గడుసువాళ్లు దీన్నీ పెట్టుబడి చేసుకున్నారు. మూటలకొద్దీ కోబాల్ట్ అమ్మి ధర కూలగొట్టడం, కూలిన ధరకు అదే కోబాల్ట్‌ను తిరిగి కొనడం, పక్క మండలానికి వెళ్లి మళ్లీ అదే తంతు. గనిలో దిగకుండా, పొలంలో అడుగుపెట్టకుండా కోటీశ్వరులైన బేరగాళ్లు వీళ్లు.

కొత్తగా దిగుతున్నారా?

సోడియం, ఆక్సిజన్ ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. తుపాను వస్తే గుహలోకో ఓడలోకో దూరండి, రెండూ లేకపోతే నేలను తవ్వి కూర్చున్నా సరే. కనిపించిన ప్రతి జంతువునీ మొక్కనీ వైజర్‌తో స్కాన్ చేయండి. స్కానర్‌ను మెరుగుపరుచుకుంటే తొలిరోజుల్లో సంపాదనకు ఇంతకంటే సులువైన మార్గం లేదు. భూమిలో పాతిపెట్టిన టెక్నాలజీ పెట్టెలు తవ్వుకుంటే ఇల్లు కట్టుకునే నమూనాలు వస్తాయి. కోట్ల కోసం మొదటిరోజే గనుల జోలికి పోకండి. తొందరగా ధనవంతులైనవాళ్లే ఈ గేమ్ తొందరగా మానేస్తారు.

తవ్వేవాళ్లు, తిరిగేవాళ్లు

ఆ చివరి మాట వెనక ఓ కారణం ఉంది. గనుల యజమానికి గ్రహమంటే గంటకు ఎంత రాబడి అన్న అంకె. అక్కడి ఆకాశం ఏ రంగో అడిగితే చెప్పలేకపోవచ్చు. ఖజానా నిండి, ఓడల వరస నిండి, ఇక కొనడానికేమీ లేదని తేలినరోజు అతని ఆట అయిపోతుంది. కరవును కనిపెట్టి కట్టిన వ్యవస్థకు పంట ఎక్కువైతే పునాదే కదులుతుంది.

తిరిగేవాళ్ల తీరు వేరు. కొత్త గ్రహాన్ని మొదట చూసినవాళ్లకు దానికి పేరు పెట్టే హక్కు దక్కుతుంది. ఆ తర్వాత ఎవరొచ్చినా ఆ పేరూ, కనిపెట్టినవారి పేరూ కనిపిస్తాయి. గేమ్ విడుదలైన మొదటి రాత్రే కోటికి పైగా జీవజాతులను ఆటగాళ్లు నమోదు చేశారని షాన్ మర్రే అప్పట్లో ప్రకటించారు. భూమ్మీది జీవజాతులపై శాస్త్రవేత్తలు వేసిన ఒక ప్రసిద్ధ అంచనా 87 లక్షలు! తిరిగేవాళ్లకు డబ్బు కంటే భాష ముఖ్యం. వ్యాపారులైన గెక్‌లు, యంత్రశరీరుల్లాంటి కోర్వాక్స్‌లు, యోధులైన వైకీన్‌లు మాట్లాడేది మొదట ఒక్క ముక్కా అర్థం కాదు. రాతి ఫలకాల దగ్గర ఒక మాట, దారిన పోయేవారి దగ్గర ఇంకో మాట నేర్చుకుంటూ పోవాలి. అలా పోగుచేసుకున్న మాటల్లోంచే ఒకప్పుడు గెక్‌లు కోర్వాక్స్‌ల గ్రహాన్ని నాశనం చేసి వాళ్లను బానిసలుగా మార్చిన చరిత్ర బయటపడుతుంది. నవ్వుతూ బేరమాడే పొట్టి వ్యాపారి ముఖం ఆ తర్వాత మునుపటిలా కనిపించదు.

అయినా ఇద్దరికీ ఒకేచోట ముల్లు గుచ్చుకుంది. గని ఎంత పెద్దదైనా, పెట్టిన పేరు ఎంత అందమైనదైనా, చూసి 'భలే' అనేవాడేడీ?

గట్టు తగాదా లేని లోకం

2016 ఆగస్టులో గేమ్ విడుదలైంది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ వేదిక మీదే ఒక దశలో 2.12 లక్షల మంది ఒకేసారి ఆడారు. మొదటి రోజుల్లోనే ఇద్దరు ఆటగాళ్లు తాము ఒకే గ్రహం మీద ఉన్నట్టు గుర్తించారు. అన్ని కోట్ల కోట్ల గ్రహాల్లో అది లాటరీ తగలడమే. ఇద్దరూ మాట్లాడుకుని ఒకే చోటికి వెళ్లి నిలబడ్డారు. ఒకరికొకరు కనిపించలేదు. ఆటగాళ్లు కలుసుకోవచ్చన్న ఆశ పెట్టి, తీరా ఒంటరి విశ్వాన్ని చేతిలో పెట్టారన్న కోపం కట్టలు తెంచుకుంది. డబ్బు వాపసు ఇమ్మని అడిగారు. స్టీమ్‌లో ప్రకటనలు మోసపూరితమన్న ఫిర్యాదులను విచారించిన బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ, తప్పులేదని అదే ఏడాది నవంబరులో తేల్చింది. ఆటగాళ్లు మాత్రం శాంతించలేదు.

సంజాయిషీలు మానేసి హలో గేమ్స్ పనిలో పడింది. 2017 ఆగస్టులో వచ్చిన 'అట్లాస్ రైజెస్'లో తోటి ఆటగాళ్లు గాల్లో తేలే వెలుగు ముద్దలుగా కనిపించారు. 2018 జులైలో 'నెక్స్ట్' వచ్చాక కాళ్లూ చేతులతో ఎదురుపడ్డారు, కలిసి ఇళ్లు కట్టుకున్నారు. 2019లో వర్చువల్ రియాలిటీ, తర్వాత వేర్వేరు కన్సోళ్లవాళ్లు కలిసి ఆడే వీలు, 2024లో చేపలు పట్టడం, 2025లో నలుగురూ కలిసి లోపల తిరగగలిగే భారీ ఓడలు... ఒక్క అప్‌డేట్‌కూ అదనంగా డబ్బు అడగలేదు. 2020లో 'ది గేమ్ అవార్డ్స్'లో నిరంతరం సాగే గేముల విభాగంలో ఉత్తమ పురస్కారం అందుకుంది. తిట్లతో నిండిన స్టీమ్ రేటింగ్ 2024 నవంబరుకు 'వెరీ పాజిటివ్'గా మారింది. అంతకుముందే, 2019లో, అభిమానులు చందాలు వేసుకుని గిల్డ్‌ఫర్డ్‌లోని ఆఫీసు దగ్గర కృతజ్ఞతలు చెబుతూ హోర్డింగ్ పెట్టించారు.

వీటన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఆటగాళ్లు తమంతట తామే చేసిన పని. మన ఊళ్లలో జానెడు గట్టు జరిగితే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. నేల కొంచెమే ఉండి, మనుషులు ఎక్కువైనచోటి గొడవ అది. ఇక్కడ తలొక గెలాక్సీ తీసుకున్నా అడిగేవారు లేరు. అలాంటిచోట వేలమంది ఏరికోరి ఒకే మూలకు వలస వెళ్లారు. యూక్లిడ్ అనే తొలి గెలాక్సీలో 2016లోనే మొదలైన 'గలాక్టిక్ హబ్' అలాంటి నివాసమే. దారి పొడవునా మెరుగైన గ్రహాలున్నా వదిలేసి, పక్కింటి దీపం కనిపించేచోట ఇల్లు కట్టుకున్నారు. నక్షత్రాలకు తమ వాడకట్టు ముద్ర తెలిసేలా పేర్లు పెట్టుకున్నారు. అప్‌డేట్‌ల వల్ల గ్రహాల రూపురేఖలే మారిపోయినప్పుడు కొత్త చోటు వెతుక్కుని మళ్లీ కలిసే కదిలారు.

వీళ్లకు గేమ్‌లోని ద్వారాలు అక్కరకొచ్చాయి. ప్రతి గ్రహానికీ 16 గుర్తుల్లోంచి కూర్చిన 12 గుర్తుల చిరునామా ఉంటుంది. వేరే బాటసారుల సమాధుల దగ్గర ఆ గుర్తులను ఒక్కొక్కటిగా సంపాదించుకోవాలి. ఆ తర్వాత చిరునామా తెలిస్తే చాలు, అదే గెలాక్సీలో ఎక్కడినుంచైనా అక్కడికి. ఎస్ గ్రేడ్ గని ఎక్కడుందో, వింత ఆకారపు ఓడ ఎక్కడ దిగుతుందో, పచ్చిక ఎర్రగా ఉండే లోయ ఎక్కడుందో... చిరునామాలు చేతులు మారసాగాయి. ఎవరికీ చెప్పకుండా దాచుకుంటే ఇంకొకరు దాన్ని కనిపెట్టే అవకాశం దాదాపు సున్నా. మామూలుగా నిధి దొరికితే గుట్టుగా ఉంచుతారు. ఇక్కడ గుట్టుగా ఉంచిన నిధి ఉన్నా లేనట్టే.

నిజంగా తెస్తే... గ్రాముల్లోనే!

గేమ్‌లో నిమిషంలో వందలకొద్దీ పోగయ్యే ఖనిజాలను నిజమైన అంతరిక్షం చిటికెడు చొప్పున కొలిచి ఇస్తుంది. జపాన్ పంపిన 'హయబుసా 2' ర్యూగు గ్రహశకలం నుంచి 2020 డిసెంబరులో తెచ్చింది సుమారు 5.4 గ్రాములు. నాసా 'ఒసైరిస్ రెక్స్' 2023 సెప్టెంబరులో బెన్నూ నుంచి చేరవేసింది 121.6 గ్రాములు. శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 రోవర్ 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతపు మట్టిలో గంధకం ఉన్నట్టు తేల్చింది. అందుకు అది వాడింది కూడా లేజరే! రాయిమీద లేజర్ పడినప్పుడు పుట్టే వెలుగును విడదీసి చూసి అందులో ఏ మూలకాలున్నాయో చెప్పింది.

గేమ్‌లోని ఎమెరిల్ కల్పితం. ఇండియం మాత్రం నిజం. 1863లో జర్మనీలో ఇద్దరు శాస్త్రవేత్తలు వర్ణపటంలో అంతవరకూ చూడని నీలి గీతను బట్టి దాన్ని పట్టుకున్నారు. గేమ్ దాన్ని నీలి నక్షత్రాల దగ్గరే పెట్టింది. ఇండియం కోసం మరీ అంత దూరం వెళ్లక్కర్లేదు. మీ జేబులోని ఫోన్ తెరమీద పారదర్శకంగా ఉండి విద్యుత్తును మోసే పలుచటి పూత ఇండియం, తగరం కలిసిన ఆక్సైడే.

తర్వాతి లోకంలో ఒక్కటే గ్రహం

2023 డిసెంబరులో హలో గేమ్స్ తమ కొత్త గేమ్ 'లైట్ నో ఫైర్'ను ప్రకటించింది. లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల గ్రహాలు చేసినవాళ్లు ఈసారి ఎన్ని చేస్తున్నారో తెలుసా? ఒక్కటి. దాదాపు మన భూమి అంత ఉండే ఒకే గ్రహం, ఆడేవాళ్లందరికీ కలిపి. ఒకరు ఎక్కిన కొండనే ఇంకొకరూ ఎక్కాలి, ఒకరు కట్టిన ఇంటి పక్కనుంచే ఇంకొకరు నడవాలి.

సాంకేతికంగా చూస్తే ఇది వెనకడుగులా కనిపించవచ్చు. కానీ తమ గేమ్‌లో ఏది ఎంతకీ తరగదో, ఏది ఎన్నటికీ సరిపోదో ఆటగాళ్లను చూసి వీళ్లు నేర్చుకున్నట్టుంది. ఇండియం గనుల్ని సర్వే పరికరం వెతికి పెడుతుంది, స్టాసిస్ డివైజ్‌ను గాజు గోపురాలు పండించి పెడతాయి. పక్కన మనిషి ఉండాలంటే మాత్రం ఇద్దరికీ ఒకే నేల ఉండాలి. అందుకు లోకాన్ని పెంచుకుంటూ పోతే కుదరదు, కుదించాల్సిందే.